జీవజలము – జ్ఞానస్నానము

మాసి మాసమున మఘానక్షత్రము కూడిన దినమున పుదుచ్చేరి నగరమందలి వైత్తికుప్పము సముద్రతీరమునకు చుట్టుపట్ల దేవాలయములనుండి ఉత్సవమూర్తులు వేంచేయుదురు. దేవతలకు తీర్థవారి జరుగును. జనులు సముద్రస్నానము చేసి పితరులకు తర్పణములు విడుతురు. అదే నగరమున మిషన్ వీథిలో నిష్కళంకమాత దేవాలయము కలదు. ఊరివారు దానిని సంబాకోవిల్ అందురు. కాథలిక్కు దేవాలయములకు వచ్చు భక్తులు ద్వారముచెంత నుంచిన తీర్థపాత్రలో వ్రేళ్లు ముంచి, నొసట శిలువగురుతు వేసికొని లోపలికి పోవుట ఆచారము. ఒకచోట సముద్రము, మరియొకచోట వ్రేళ్లకొనలు తడిసినంత నీరు. ఈ రెండు జలములకును గల సంబంధమెట్టిది? ఒకదానిని పవిత్రమని నమ్మినవాడు రెండవదానియందు మునుగవచ్చునా? ఇది పండితగోష్ఠికి మాత్రమే తగిన ప్రశ్న కాదు. 1704వ సంవత్సరమున ఈ పుదుచ్చేరియందే దీనిపై ఒక తీర్పు వెలువడినది. దానివలన పుట్టిన వివాదము నలువది సంవత్సరములపాటు రోమానగరమువరకు సాగినది. ఆ వివాదములోని మర్మము తెలియవలెనన్న, క్రైస్తవులు తమ జలమును ఎవరియొద్దనుండి గ్రహించిరో ముందుగా తెలియవలెను.

వారు గ్రహించినది యూదులయొద్దనుండి. తెలుగుదేశమున యూదాచారము నవలంబించువారు మిక్కిలి కొలదిమంది. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెమందలి ఒక చిన్నసమాజము 1991లో ప్రార్థనామందిరమును ఏర్పరచుకొన్నది. కావున ‘మిక్వె’ యను మాట తెలుగువారికి క్రొత్తదే. మిక్వె యనగా కూడియున్న నీరు. అది స్నానపు తొట్టివంటిదే గాని, దాని నియమములు వేరు. అందలి నీరు వానగా కురిసినదో, ఊటగా ఉబికినదో కావలెను. కడవతో తోడి తెచ్చిపోసిన నీరు పనికిరాదు. నలువది సెయాల పరిమాణమునకు తక్కువ కారాదు. అనగా మానవశరీరము పూర్తిగా మునుగుటకు చాలవలెను. మునుగువారి దేహమునకును నీటికిని నడుమ ఉంగరమైనను, బురదచుక్కయైనను అడ్డు ఉండరాదు. అందుచేతనే మిక్వెలో దిగుటకు ముందే ఒడలు శుభ్రముగా కడుగుకొందురు. ఇచట గమనింపదగిన విషయ మొకటి కలదు: మురికి పోయిన తరువాతనే ఈ స్నానము మొదలగును. కావున ఇది మురికిని పోగొట్టుటకు కాదని స్పష్టమగుచున్నది. పారు ఊటనీటిని యూదశాస్త్రము ‘జీవజలము’ అని పేర్కొని, జలములన్నిటిలో దానికి అగ్రస్థానమిచ్చినది. ఋతుకాలము గడచిన స్త్రీయు, యూదమతమున చేరగోరు అన్యుడును ఇందు మునుగుదురు. అట్లు మునిగి లేచిన అన్యుడు అప్పుడే పుట్టిన శిశువుతో సమానుడని వారి పెద్దలు చెప్పిరి.

మరి నీరు చేయునదేమి? పండ్రెండవ శతాబ్దమునకు చెందిన యూదతత్త్వవేత్త మైమోనిడీసు (1138–1204) తన మహాధర్మశాస్త్రమున మిక్వె ప్రకరణమును ముగించుచు ఈ ప్రశ్నను విచారించెను. అశుచి యనునది నీటితో కడిగివేయదగిన బురద కాదు, అది శాస్త్రవిధి, హృదయసంకల్పమును బట్టి యుండునది, సంకల్పములేక మునిగినవాడు మునుగనివాడే యని ఆయన అభిప్రాయము. అంతటితో ఆగక, దుష్టచింతలను విడిచి తన మనస్సును జ్ఞానమను జలములందు ముంచువాడే నిజముగా శుచియగునని సూచించెను. స్నానమునకు ముందు సంకల్పము చెప్పుకొను హిందువునకు ఈ మాట పరాయిదిగా తోపదు. ధర్మశాస్త్రములు వారుణస్నానమును, అనగా నీటిస్నానమును, ఏడువిధముల స్నానములలో ఒకదానినిగా మాత్రమే గణించి, భగవత్స్మరణరూపమైన మానసస్నానమును కూడ ఆ వరుసలోనే చేర్చినవి గదా.

యోహాను యోర్దాను నదిలో జనులను ముంచినపుడు అతని యెదుట నున్నవారు ఈ యూదసంప్రదాయమున పెరిగినవారే. యేసు స్వయముగా ఆ నదిలో మునిగెను. తొలినాటి క్రైస్తవుల ‘దిదఖే’ యను విధిగ్రంథము దీక్షకు ‘జీవజలము’నే, అనగా పారునీటినే, మేలైనదిగా పేర్కొనినది, అది లేనిచో వేరునీటిని, అదియు చాలనిచో తలపై ముమ్మారు పోయుటను అనుమతించినది. నేడు శిశువు నెత్తిపై పోయు చెంబెడు నీరు ఆ అనుమతికి వారసురాలు. ఐతే భేద మొకటి కలదు. మిక్వెలో మరల మరల మునుగుదురు. క్రైస్తవదీక్ష జీవితమున ఒక్కమారే. పౌలు దానిని మరణముగను పునరుత్థానముగను వ్యాఖ్యానించెను: నీటిలో మునుగుట సమాధిలో దిగుట, లేచుట క్రొత్తజన్మ మెత్తుట. ఒక్కమారు జరుగు ఈ రెండవజన్మకు పోలిక వెదకవలెనన్న, నిత్యస్నానమునందు కాదు, వటువును ద్విజునిగా జేయు ఉపనయనమునందు వెదకవలెను. ద్వారమునొద్ద తీర్థపాత్రయందలి నీరు ఆ ఒక్క జన్మను జ్ఞప్తికి దెచ్చు గురుతు మాత్రమే. ఇంకొక భేదము మరింత ముఖ్యమైనది. ఈ జలమున మునిగినవారిలో యూదుడు గ్రీకు అనుగాని, దాసుడు స్వతంత్రుడు అనుగాని భేదము లేదని పౌలు ఘోషించెను. పుదుచ్చేరి కథ ఈ మాటయొద్దనే చిక్కుపడినది.

దక్షిణదేశపు కాథలిక్కులు ఈ దీక్షకు ‘జ్ఞానస్నానము’ అని పేరుపెట్టుకొనిరి. ఆ మాట ఎంత హైందవమో అంత మైమోనిడీయము! పేరు మాత్రమే గాక, ఆచారములను కూడ దేశమునకు తగినట్లు మార్చుకొనవలెనని మధురలో రాబర్టు ది నోబిలి యను యేసుసభ గురువు తలచెను. ఆయన కాషాయము ధరించి, శాకాహారియై, సంస్కృతము నభ్యసించెను. క్రైస్తవులైన బ్రాహ్మణులు శిఖను, జందెమును, గంధమును, స్నానమును విడువవలెనా యను వివాదము రోమునకు పోగా, పదునైదవ గ్రెగొరీ పోపు 1623 జనవరి 31న, మూఢభావము కలియనిచో వానిని ఉంచుకొనవచ్చునని తాత్కాలికముగా అనుమతించెను. అనగా స్నానమునకు గల అర్థము నీటిలో లేదు, చేయువాని తలంపులో కలదని ఆనాటి రోము అంగీకరించినదన్నమాట.

ఎనుబదియేండ్లు గడచినవి. పుదుచ్చేరి ఫ్రెంచివారి పట్టణమైనది. అచటినుండి ఫాదర్ బూషే నాయకత్వమున కర్ణాటకమిషను తెలుగుసీమలోనికి కూడ ప్రవేశించుచుండెను. చీనాకు పోవుచున్న పోపుప్రతినిధి షార్ల్ తోమా మాయార్ ద తూర్నోన్ 1703 నవంబరు 6న ఇచట దిగెను. అనారోగ్యముచే ఆయన పట్టణము విడిచి లోనాడునకు పోలేకపోయెను. ఎనిమిది నెలలు విచారణ జరిపి, 1704 జూన్ 23 తేదీతో తీర్పు సిద్ధపరచి, జూలై 8న ప్రకటించి, జూలై 11న ఓడ యెక్కెను. మైళ్లకొలది దూరమున నున్న గ్రామముల ఆచారములపై ఒక రోగి గదిలోనుండి చెప్పిన తీర్పని దానిని తేలికగా త్రోసివేయుట సులభమే. కాని అందలి కొన్ని అంశములు అంత తేలికగా త్రోయదగినవి కావు.

స్నానమును గురించి తీర్పు కఠినముగానే పలికినది. హిందువులవలె నియతకాలమున, నియతవిధితో చేయు స్నానము క్రైస్తవులకు నిషిద్ధము. సన్న్యాసులుగనో బ్రాహ్మణులుగనో కనబడగోరి గురువులును అట్లు చేయరాదు. ఒడలు శుభ్రపరచుకొనుటకు అభ్యంతరము లేదు. దీనిలోని విపరీతము చూడుడు. మైమోనిడీసు మురికి కడుగుట స్నానమే కాదనెను. తూర్నోన్ మురికి కడుగుట మాత్రమే స్నానమనెను! సంకల్పమునకు ప్రాధాన్యమిచ్చుటలో ఇద్దరును ఒక్కటే. నదిలో మునుగువాని అంతరంగమును చూడజాలక, దొరతనము వానివలె న్యాయాధిపతియు ఒడ్డున నిలిచి గడియారము చూచెను.

ఉమ్మి విషయము మరియొకటి. నాటి దీక్షావిధిలో గురువు తన ఉమ్మితో శిశువు చెవులను ముక్కును తాకవలసియుండెను. యేసు ఒక చెవిటివానిని స్వస్థపరచిన ఘట్టము దీనికి మూలము. ఎంగిలి యను భావము నెరిగిన దేశమున ఇది ఎట్లు పొసగును? గురువులు దానిని మానివేసిరి, తూర్నోన్ చేయవలసినదేయనెను. అనంతరము రోము కొంతకాలము మినహాయింపు నిచ్చినది. 1969లో శిశుదీక్షావిధిని సవరించినపుడు ఉమ్మి ఎల్లరకును తొలగినది. చిత్రమేమన, ఆ చెవిటివాని కథ మార్కు సువార్త ఏడవ అధ్యాయపు తుదిని ఉన్నది. అదే అధ్యాయపు ఆరంభమున చేతులు కడుగక భుజించిన శిష్యులను పెద్దలు ఆక్షేపింపగా, మనుష్యుని మైలపరచునది బయటినుండి లోనికి పోవునది కాదు, హృదయమునుండి వెలువడునదియని యేసు బదులు చెప్పెను. ఉమ్మికై పోరాడిన ఉభయపక్షములును ఆ పుటనే చదివియుండిరి.

తీర్పు ఋతుమతులైన స్త్రీలను దేవాలయమునకును పాపసంకీర్తనమునకును రానీయకుండుట తప్పనెను. అంతకంటె గొప్ప అంశము మరియొకటి: నాడు పరయరులని పిలువబడినవారు రోగపీడితులై యున్నపుడు గురువులు వారి యిండ్లకే పోయి సంస్కారము లొసగవలెనని ఆజ్ఞాపించెను. పైకులముల విశ్వాసము పోగొట్టుకొందుమను భయముతో గురువులు ఆ గుమ్మములు త్రొక్కకుండిరి. నోబిలి మార్గమునకు ఇది దాగియున్న మూల్యము. స్నానమును నిలుపుకొనినపుడు, స్నానము ఎవరిని దూరముగా నుంచుటకు సాధనమైనదో ఆ దూరమును కూడ నిలుపుకొనిరి. జలచిహ్నము పవిత్రమే, దానితో గీచిన గీత మాత్రము పవిత్రమని ఎట్లు చెప్పవలెను? ఈ విషయమున ఆ పరదేశి రోగి, దేశాచారములను ప్రేమించిన వారికంటె స్పష్టముగా చూచెను.

1744 సెప్టెంబరు 12న పదునాల్గవ బెనెడిక్టు పోపు ప్రకటనతో వివాదము ముగిసెను. తూర్నోన్ తీర్పు ప్రధానముగా నిలిచినది. పరయరుల సేవకై ప్రత్యేకముగా కొందరు గురువులను నియమింతుమను యేసుసభవారి ఏర్పాటును పోపు ఆమోదించెను. అనగా ఇంటికి గురువు వచ్చును. కాని వేరు గురువు. ఈ ఆచారములను గూర్చి గురువులు చేయవలసిన ప్రమాణము 1940వరకు రద్దు కాలేదు.

మరుసటి సంవత్సరము 1745లో పుదుచ్చేరి దేవాలయమున జరిగిన యొక సంఘటనను ఆనందరంగపిళ్లై తన దినచర్యలో వ్రాసికొనెను. ఆయన క్రైస్తవుడు కాడు. ఫ్రెంచివారి వ్యవహారములు చూచిన హిందూ వర్తకుడు. ఆలయములోపల పరయరులను తక్కినవారినుండి వేరుపరచు గోడ ఒకటి యుండెను. పరయచేరులకు చెందిన క్రైస్తవులు కూడి పెద్దగురువుకడకు పోయి, తామును శిష్యులమే గదా, ఈ భేదమేలనని అడిగిరి. గురువునకు ప్రత్యుత్తరము దొరకలేదు కాబోలు, గోడ పడగొట్టబడెను. అందులకు పైకులపు క్రైస్తవులు ఆగ్రహించిరి. 1761లో ఆంగ్లేయులు పట్టణమును పడగొట్టినపుడు ఆ దేవాలయమును నేలమట్టమైనది. నేడు మిషన్ వీథిలో కనబడునది 1791లో పూర్తియైనది.