పది ప్రయోగాల సారాన్ని ఒక్కటిగా గ్రహించుట ఎలా?

వెల్లుల్లి రక్తంలోని కొలెస్టరాల్‌ను తగ్గిస్తుందని ఒక పత్రిక వ్రాస్తుంది. అటువంటి ప్రయోజనమేమీ లేదని మరొక పత్రిక వ్రాస్తుంది. రెండూ పరిశోధనలనే ఆధారంగా చూపుతాయి. ఈ రెంటినీ చదివిన గృహస్థుడు దేనిని నమ్మవలెను? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే శాస్త్రపద్ధతి ఒకటి ఉన్నది. ఒకే విషయంపై వేర్వేరు చోట్ల జరిగిన చికిత్సా ప్రయోగాలన్నింటినీ సేకరించి, పరీక్షించి, వాటి ఫలితాలను తూకం వేసి ఒక నిర్ణయానికి రావడమే ఆ పద్ధతి. దీనిని ఆంగ్లంలో మెటా ఎనాలిసిస్ అంటారు. మనం సమష్టి విశ్లేషణ అని చెప్పుకొనవచ్చును.

పరీక్షించి గ్రహించవలెననే భావం మనకు క్రొత్త కాదు. చరక సంహిత సూత్రస్థానం 11వ అధ్యాయంలో ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి అని నాలుగు విధాల పరీక్ష చెప్పబడినది. అయితే వందలాది రోగుల ఫలితాలను లెక్కగట్టి కలిపే గణితపద్ధతి మాత్రం ఆధునిక కాలంలో ఏర్పడినదే. భారతదేశంలోను, దక్షిణాఫ్రికాలోను ఉన్న బ్రిటిష్ సైనికులకు వేసిన టైఫాయిడ్ టీకా ఫలితాలను 1904లో కార్ల్ పియర్సన్ అనే గణాంక శాస్త్రవేత్త ఒకచోట చేర్చి పరిశీలించాడు. మెటా ఎనాలిసిస్ అనే పేరును 1976లో జీన్ గ్లాస్ అనే అమెరికన్ పండితుడు పెట్టాడు.

ఒక్క ప్రయోగం ఎందుకు చాలదు?

రూపాయి బిళ్ళను పదిమార్లు ఎగురవేస్తే ఏడుమార్లు బొమ్మ పడవచ్చు. అందులో వింత లేదు. వేయిమార్లు ఎగురవేస్తే మాత్రం బొమ్మ, బొరుసు దాదాపు సమానంగానే పడతాయి. చికిత్స విషయమూ అంతే. ఇరవైమంది రోగులపై జరిగిన ప్రయోగంలో గుణం కనిపించడం యాదృచ్ఛికం కావచ్చు. నిజంగా గుణమున్న మందు కూడ చిన్న ప్రయోగంలో నిష్ఫలమైనట్లు కనిపించవచ్చు. ఒక్కొక్కటిగా చూస్తే అస్పష్టంగా ఉన్న ఫలితాలు కలిపి చూసినప్పుడు స్పష్టమవుతాయి.

కూడిక కాదు, తూకం

అయితే అన్ని చోట్లి రోగులనూ ఒక్క కుప్పగా పోసి లెక్కించరాదు. ఊహకొక ఉదాహరణ చెప్పుకుందాం. మొదటి ఆసుపత్రిలో అందరూ తీవ్రరోగులే. మందు తీసుకొన్న 200 మందిలో 100 మందికి, అంటే నూటికి 50 మందికి నయమైనది. తీసుకోని 50 మందిలో 20 మందికి, అంటే నూటికి 40 మందికి నయమైనది. రెండవ ఆసుపత్రిలో వ్యాధి స్వల్పం. మందు తీసుకొన్న 50 మందిలో 45 మందికి, అంటే నూటికి 90 మందికి నయమైనది. తీసుకోని 200 మందిలో 160 మందికి, అంటే నూటికి 80 మందికి నయమైనది. రెండు చోట్లా మందు మేలే చేసినది. కాని అందరినీ కలిపి కూడితే మందు తీసుకొన్నవారిలో 250కి 145, అంటే నూటికి 58. తీసుకోనివారిలో 250కి 180, అంటే నూటికి 72. మేలుచేసిన మందు కీడు చేసినట్లు కనిపించినది గదా!

అందువలన ముందుగా ఏ ప్రయోగానికి ఆ ప్రయోగంలోనే మందు తీసుకొన్నవారిని, తీసుకోనివారిని పోల్చి తేడాను కనుగొంటారు. తరువాత ఆ తేడాలను కలుపుతారు. కలిపేటప్పుడు అన్నింటికీ సమాన విలువ ఇవ్వరు. ఎక్కువమందిపై జరిగి, ఫలితాన్ని నిశ్చితంగా తెలిపిన ప్రయోగానికి ఎక్కువ బరువు, అనిశ్చితమైన దానికి తక్కువ బరువు ఇస్తారు.

పాటించవలసిన క్రమం

మొదట ప్రశ్నను స్పష్టంగా నిర్ణయించుకోవాలి. ఎవరికి, ఏ మందు, దేనితో పోల్చి, ఏ ఫలితం కోసం అన్నది ముందే వ్రాసుకోవాలి. రెండవది, అనుకూలమైనవీ ప్రతికూలమైనవీ అనకుండ అన్ని ప్రయోగాలనూ వెదకాలి. విజయం పొందిన ప్రయోగాలు అచ్చులోకి వచ్చి, విఫలమైనవి బీరువాలలోనే ఉండిపోవడం కద్దు. ప్రచురితమైనవే చూస్తే మందు ఉన్నదానికంటె గొప్పగా కనిపిస్తుంది. మూడవది, ప్రతి ప్రయోగం నాణ్యతను పరీక్షించాలి. రోగులను చీటీలు వేసినట్లు యాదృచ్ఛికంగా విభజించారా? రెండవ వర్గానికి మందు లేని, చూపునకు అటువంటిదే అయిన మాత్ర ఇచ్చారా? నాలుగవది, ప్రయోగాలు కలపదగినవేనా అని చూడాలి. బియ్యాన్ని, వడ్లను కలిపి ఒకే మానికతో కొలిస్తే ఆ కొలత దేనికీ పనికిరాదు.

నెలలు నిండని శిశువుల కథ

ఈ పద్ధతి విలువ ఎంతటిదో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. నెలలు నిండకుండ పుట్టే శిశువులకు ఊపిరితిత్తులు పరిపక్వం కాక ప్రాణాపాయం కలుగుతుంది. అటువంటి కాన్పు సంభవించబోతున్నప్పుడు తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే శిశువుకు రక్షణ కలుగుతుందని న్యూజిలాండ్‌కు చెందిన లిగిన్స్, హోవీ అనే వైద్యులు 1972లో ప్రకటించారు. తరువాత మరికొన్ని ప్రయోగాలు జరిగాయి. వాటిలో కొన్ని చిన్నవి, విడిగా చూస్తే అస్పష్టమైనవి. అందువలన చాలమంది వైద్యులు సందేహిస్తూనే ఉండిపోయారు. ప్రయోగాలన్నింటినీ క్రమబద్ధంగా కలిపిన సమీక్ష 1989లో వెలువడిన తరువాతనే విషయం తేటతెల్లమైనది. 1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సదస్సు ఈ చికిత్సను సిఫారసు చేసినది. ఆధారాలను ఒకచోట చేర్చనందువలన ఈ నడుమ ఎందరు పసికందులు కన్నుమూశారో ఊహించవచ్చు. 1993లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆరంభమైన కోక్రేన్ సంస్థ ఈ ప్రయోగాల ఫలితరేఖలనే తన చిహ్నంగా పెట్టుకొన్నది.

వెల్లుల్లి నేర్పిన పాఠం

ఇక మన వెల్లుల్లి విషయం. 1993లో ఐదు ప్రయోగాలను కలిపిన విశ్లేషణలో కొలెస్టరాల్ నూటికి 9 వంతులు తగ్గినట్లు తేలినది. 2000 సంవత్సరంలో 13 ప్రయోగాలను కలిపినప్పుడు ఆ తగ్గుదల సుమారు 6 వంతులే. అందులోను, ఆహారాన్ని నియంత్రించి పకడ్బందీగా చేసిన ప్రయోగాలను మాత్రమే లెక్కిస్తే చెప్పుకోదగిన తేడా లేదు. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొలెస్టరాల్ ఒక మోస్తరుగా పెరిగిన 192 మందిపై ఆరు నెలలు ప్రయోగం జరిపారు. పచ్చి వెల్లుల్లి గాని, వెల్లుల్లి మాత్రలు గాని చెడు కొలెస్టరాల్‌ను తగ్గించలేదు. కలిపిన ఫలితం, కలిపిన ప్రయోగాలకంటె మేలైనది కాజాలదని దీని నీతి. వెల్లుల్లి వంటింటిలో ఉండవలసినదే. కాని దానిని నమ్ముకొని, గుండెజబ్బుకు వైద్యుడిచ్చిన మందును మానడం ప్రమాదం.

వేరొక గృహవైద్యం ఈ పరీక్షలో నిలిచినది కూడ. పిల్లల దగ్గుకు తేనెపై జరిగిన ఆరు ప్రయోగాలను, మొత్తం 899 మంది పిల్లలను, 2018లో కోక్రేన్ సమీక్ష పరిశీలించినది. ఏ మందూ ఇవ్వకపోవడంకంటె తేనె బహుశా మేలని తేల్చినది. అయితే ఏడాది నిండని శిశువుకు తేనె నాకించరాదు. బొటులిజం అనే ప్రాణాంతక వ్యాధి సోకే అవకాశమున్నది.

గృహస్థులు అడుగవలసిన ప్రశ్నలు

1. ఈ మాట ఒక్క ప్రయోగంపై ఆధారపడినదా, అనేక ప్రయోగాలపైనా?
2. మొత్తం ఎంతమందిని పరిశీలించారు?
3. విఫలమైన ప్రయోగాలను కూడ లెక్కలోకి తీసుకొన్నారా?
4. గుణం కనిపించినది పెద్దలలోనా, పిల్లలలోనా, గర్భిణులలోనా?
5. ప్రయోజనం ఎంత? దానితోపాటు కలిగే హాని ఎంత?

ఈ ఐదు ప్రశ్నలు అల్లోపతి మాత్రకైనా, ఆయుర్వేద లేహ్యానికైనా, పోపులపెట్టెలోని దినుసుకైనా సమానంగా వర్తిస్తాయి. నిజమైన గుణమున్న ఔషధానికి పరీక్షవలన వచ్చే నష్టమేమీ లేదు.