హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌కు ఏ ఐసీ మంచిది?

ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ అనగానే మనకు సినిమా తారలు గుర్తొస్తారు. అక్కడి డబ్బింగ్ థియేటర్లలో కళాకారులు హెడ్‌ఫోన్‌లో పైలట్ ట్రాక్ వింటూ, తెరపై పెదవుల కదలికకు మాట కలుపుతారు. హెడ్‌ఫోన్‌కు తగినంత కరెంటు ఇచ్చేది యాంప్లిఫయర్. చిన్న యాంప్లిఫయర్‌ను మనమే ఆప్-ఆంప్ ఐసీతో చేసుకోవచ్చు. ఏ ఐసీ వాడాలో ఇక్కడ వివరిస్తున్నాం.

ముందు ఓమ్ సూత్రం చూద్దాం. 1 వోల్టుకు 600 ఓమ్‌ల పాత స్టూడియో హెడ్‌ఫోన్ 1.7 మిల్లీ ఆంపియర్లే తీసుకుంటుంది. మనం వాడే 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 31 మిల్లీ ఆంపియర్లు కావాలి. ఐసీ అంత ఇవ్వలేకపోతే పాట బొంగురుపోతుంది.

1. 741: 1968లో వచ్చింది. ల్యాబ్‌లో పాఠానికి మంచిది. దాదాపు 25 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది.

2. టీఎల్072: ప్రీయాంప్లిఫయర్‌కు బాగుంటుంది. 32 ఓమ్‌ల లోడ్‌ను మోయలేదు.

3. ఎన్ఈ5532: రొద తక్కువ. 600 ఓమ్‌లను తేలికగా నడుపుతుంది. 32 ఓమ్‌లకు అంతంత మాత్రమే.

4. ఎన్‌జేఎం4556: 70 మిల్లీ ఆంపియర్ల దాకా ఇస్తుంది. మన హెడ్‌ఫోన్‌కు ఇదే తగినది.

చివరి మూడింటికీ ఎనిమిది కాళ్ల అమరిక ఒకటే. కాబట్టి బోర్డుపై ఐసీ బేస్ సోల్డర్ చేస్తే, సప్లై ఆపి ఒకదాని తర్వాత ఒకటి మార్చి వినవచ్చు. విడిభాగాలకు కోఠిలోని గుజరాతీ గల్లీ ఉండనే ఉంది.

హెడ్‌ఫోన్ తగిలించే ముందు అవుట్‌పుట్‌లో డీసీ వోల్టేజీని మల్టీమీటర్‌తో తప్పక చూడాలి. డీసీ ఎక్కువుంటే కాయిల్ కాలిపోతుంది. వాల్యూమ్ తగ్గించే మొదలుపెట్టాలి. ఐసీ పోతే మరొకటి కొనుక్కోవచ్చు, చెవులు పోతే తిరిగి రావు.