వృద్ధులైన తల్లిదండ్రులకు నగర దర్శనము

ఖరగ్‌పూరు రైల్వే కర్మాగారములో పనిచేయుటకై శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తరలిపోయిన తెలుగు కుటుంబములు తరతరములుగా అచ్చటనే స్థిరపడియున్నవి. సుభాష్‌పల్లి మొదలగు పేటలలో ఉద్యోగ విరమణ చేసిన వృద్ధ దంపతులు ఉందురు. పిల్లలు హైదరాబాదుననో బెంగుళూరుననో ఉందురు. కలకత్తా (2001లో పేరు కోల్‌కతాగా మారినను మన ఇండ్లలో అది ఇంకను కలకత్తాయే) అచ్చటికి సుమారు 115 కిలోమీటర్లు. అంత చేరువలో నున్నను ఆ మహానగరమును ఆసుపత్రి వరండాలనుండి తప్ప చూడని తల్లులు కలరు.

సెలవులకు వచ్చిన కుమారుడు రెండు దినములు నగరము చూపించెదనని చెప్పగానే తల్లి, "మాకెందుకురా ఇప్పుడీ తిరుగుడు? మీరు వెళ్ళిరండి" అనును. దీనిని అనాసక్తియని తలపరాదు. మోకాళ్ళ నొప్పి, ఖర్చు అను కారణములు పైకి చెప్పుదురు. చెప్పనిది మరియొకటి కలదు. దారిలో మరుగుదొడ్డి దొరకునో లేదో యను భయమే అది. ఈ భయముచేతనే అనేకులు వృద్ధ స్త్రీలు ప్రయాణ దినమున ఉదయమునుండి నీరు త్రాగుట మానివేయుదురు. వయస్సు మీరినకొలది దాహము తెలియుట తగ్గును. మూత్రపిండముల శక్తియు తగ్గును. అట్టివారు నీరు మానినచో తల తిరుగుట, తూలిపడుట, మలబద్ధకము, మూత్రమార్గమున మంట, జ్వరము కలుగవచ్చును. ఇంటికి తిరిగివచ్చిన మూడవనాడు వచ్చిన జ్వరమునకు కలకత్తా నీటిని నిందించు కుటుంబములు పెక్కు. అసలు దోషము నీటిలో కాక, నీరు త్రాగకపోవుటలో నుండవచ్చును.

కావున ఏర్పాటును దర్శనీయ స్థలములతో గాక రైలు పెట్టెతో ప్రారంభింపవలెను. ఖరగ్‌పూరు హౌరాల నడుమ నడచు సబర్బను లోకలు బండ్లు చవకయే గాని, వానిలో మరుగుదొడ్లు ఉండవు. ప్రయాణము రెండు గంటలకు మించును. పెద్దవారికొరకు రిజర్వేషనుగల ఎక్స్‌ప్రెస్సు బండిని ఎన్నుకొనుడు. పెట్టెలో మరుగుదొడ్డి కలదని తల్లికి ముందుగా చెప్పుడు. ఆమె ఆనాడు కాఫీ త్రాగును. బండి ఏ స్టేషనున ఆగునో కూడ టిక్కెట్టుపై చూడవలెను. ఆగ్నేయ రైల్వే బండ్లు కొన్ని హౌరాకు పోక షాలిమారుననో సంత్రాగాచిననో ముగియును. అచ్చటినుండి నగరములోనికి మరల వాహనము వెదకవలసివచ్చును.

ఛార్జీల విషయమున ఒక మాట. వృద్ధులకు రైల్వేవారు ఇచ్చుచుండిన రాయితీ 2020 మార్చిలో నిలిపివేయబడినది. దానిని లెక్కలోనికి తీసికొనరాదు. అయితే రైల్వేనుండి విరమించినవారికి సేవాకాలమును బట్టి ఉచిత పాసులు కలవు. తండ్రిగారు వానిని పెట్టెలో దాచియుంచి మరచియుందురు, అడిగి చూడుడు. రైల్వే వైద్య పథకపు కార్డును తప్పక వెంట నుంచుకొనుడు. కలకత్తాలో గార్డెన్‌రీచి వద్ద ఆగ్నేయ రైల్వే కేంద్ర వైద్యశాలయు, సియాల్దా వద్ద తూర్పు రైల్వేవారి బి.ఆర్. సింగు వైద్యశాలయు కలవు. రైలులో నుండగా అస్వస్థత కలిగినచో 139 సంఖ్యకును, నగరములో 112 సంఖ్యకును ఫోను చేయవలెను.

ఇక మందుల సంగతి. హృద్రోగులకును, రక్తపోటు గలవారికిని వైద్యులు మూత్రము ఎక్కువగా పోవు మాత్ర నిత్తురు. ప్రయాణమనగానే ముందుగా ఎగవేయబడునది ఈ మాత్రయే. కారణము పైన చెప్పినదే. రెండు మూడు దినములు మానినచో హృదయము బలహీనముగా నున్నవారికి కాళ్ళు వాచి, ఊపిరితిత్తులలో నీరుచేరి, రాత్రివేళ ఆయాసము రావచ్చును. మానవలసిన పనిలేదు, ఉదయము వేసికొనవలసినదానిని బస చేరిన పిదప వేసికొనవచ్చునా యని వైద్యుని ముందుగా అడిగిన చాలును. ఇట్టివారు దినమునకు ఎంత నీరు త్రాగవచ్చునో కూడ ఆయననే అడుగవలెను; పైన నీటినిగూర్చి చెప్పినది అందరికిని ఒకే కొలతగా వర్తింపదు.

మధుమేహము గలవారికి ప్రమాదము వేరు. మాత్రయో ఇన్సులినో పుచ్చుకొని, భోజనము ఒంటిగంటకని తలచి, వాహనము దొరకక మూడు గంటలకు కూర్చుందురు. ఈలోగా చెమటలు పట్టును, చేతులు వణకును, మాట తడబడును, ఊరక కోపము వచ్చును. ఇది రక్తములో చక్కెర పడిపోవుటకు గుర్తు. వెంటనే మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగించి, పావుగంట చూచి, తగ్గనిచో మరల ఇచ్చి, పిదప భోజనము పెట్టవలెను. స్పృహ తప్పినవారి నోటిలో ఏమియు పోయరాదు, ఆసుపత్రికి చేర్పవలెను. మందులన్నియు చేతిసంచిలోనే, రెండు దినములకు అదనముగా, చీటీ ప్రతితో సహా ఉండవలెను. రసగుల్లా తినవచ్చునా యని తండ్రిగారు తప్పక అడుగుదురు. పాకము పిండి ఒక్కటి, భోజనము పిదప, తినవచ్చును. మిఠాయి దుకాణము ముందు నిలువబెట్టి పథ్యమునుగూర్చి ఉపన్యసించుట మర్యాద కాదు.

బస ఎన్నుకొనునపుడు గోడల అందము చూడక స్నానపుగదిని చూడుడు. అపరిచితమైన గదిలో, అర్ధరాత్రి, తడి నేలపై జారిపడినచో వృద్ధుల తుంటి ఎముక విరుగవచ్చును. కూర్చుండు కమోడు, పట్టుకొనుటకు గోడకు కడ్డీ, రాత్రియంతయు వెలుగు చిన్న దీపము, మేడపైనైనచో లిఫ్టు ఉండవలెను. జారని చెప్పులను ఇంటినుండియే తీసికొనిపోవుడు. మతిమరుపు గల పెద్దలు క్రొత్త చోట సాయంకాలమైన పిదప కలవరపడుదురు. వారి జేబులో పేరు, బస చిరునామా, మీ ఫోను సంఖ్య బంగాళీలో వ్రాసియుంచవలెను. తెలుగు అక్షరములు హౌరా పోలీసునకు ఉపకరింపవు.

ఏ ఋతువున పోవలె ననగా, నవంబరు ద్వితీయార్ధమునుండి ఫిబ్రవరివరకు యుక్తము. అందును డిసెంబరు, జనవరి ఉదయములందు పొగమంచు, పొగ కలిసి దట్టముగా నుండును. ఉబ్బసము గలవారిని బాగుగా ఎండ వచ్చిన తరువాతనే వెలుపలికి తీసికొనిపోవలెను. దుర్గాపూజ చూడగోరువారు సప్తమికి ముందే, పగటివేళ చూచుట మేలు. అష్టమి రాత్రి జనసమ్మర్దము మోకాళ్ళ నొప్పి గలవారికి తగినది కాదు. వేసవిలోనైనచో ఓ.ఆర్.ఎస్. పొట్లములు సంచిలో నుండవలెను. ఈ చక్కెర–ఉప్పు ద్రవమునకు ఆ ప్రాంతముతోనే సంబంధము కలదు: 1971లో బాంగ్లాదేశ్ శరణార్థులు కలరాతో మరణించుచుండగా, బొన్‌గావ్ శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబీసు దీనిని పెద్ద ఎత్తున నోటి ద్వారా ఇప్పించి అసంఖ్యాకుల ప్రాణములు కాపాడెను. ఆయన 2022లో మరణించిన పిదప, 2023లో పద్మవిభూషణ ప్రకటింపబడినది.

దర్శనీయ స్థలములు దినమునకు ఒకటి, మించిన రెండు. దూరమునుండి వచ్చిన పిల్లలు రెండు దినములలో ఎనిమిది చూపింపవలెనని ఆరాటపడుదురు. ఆ ఆరాటము పిల్లలదే గాని పెద్దలది కాదు. తండ్రిగారు ఇంటివద్ద ఆగకుండ ఎంతసేపు నడువగలరో వారము ముందు గమనింపుడు. పావుగంట యైనచో, నగరములోను పావుగంటకొకసారి కూర్చుండుటకు చోటు ఉండవలెను. విక్టోరియా స్మారకభవనము, 1814లో స్థాపింపబడిన ఇండియను మ్యూజియము సోమవారము మూసియుందురు గనుక శని, ఆదివారములు కలిసివచ్చునట్లు పోవుట మంచిది. కర్మాగారమున ముప్పది యేండ్లు ఇనుముతో గడపినవారికి హౌరా వంతెనయే గొప్ప దర్శనము. 1943లో తెరువబడిన ఆ వంతెనను సుమారు 26,500 టన్నుల ఉక్కుతో, నట్టులు బోల్టులు లేక, రివెట్లతోనే బిగించిరి. ఈ సంగతి తండ్రిగారు మీకు చెప్పుచుండగా అడ్డుపడకుడు. హౌరా స్టేషను చెంతనే రైలు మ్యూజియమును కలదు.

తల్లికి దక్షిణేశ్వరము. 1855లో రాణీ రాస్మణి కట్టించిన ఆ కాళికాలయమునకు 2021 ఫిబ్రవరినుండి మెట్రో పోవుచున్నది. 2024 మార్చిలో హుగ్లీనది క్రిందుగా హౌరానుండి ఎస్ప్లనేడునకు మెట్రో నడచినందున, హౌరాలో ఎక్కి ఎస్ప్లనేడున మారి నేరుగా చేరవచ్చును. హౌరా మెట్రో స్టేషను మిక్కిలి లోతైనది. కదలెడు మెట్లకు జంకువారిని తొందరపెట్టక లిఫ్టునకు తీసికొనిపోవలెను. ఆలయము తలుపులు మధ్యాహ్నము కొన్ని గంటలు మూయుదురు గనుక ఉదయమే పోవుట మేలు; అల్పాహారము మాత్రము మానరాదు. ఉపవాసముతోనే దర్శనము చేసెదనని తల్లి పట్టుపట్టినచో, మధుమేహమునకు మందు వాడుచున్న యెడల, వాదింపక ముందునాడే వైద్యునిచేత చెప్పించుడు. బిడ్డ మాటకంటె డాక్టరుగారి మాట ఇట్టి చోట్ల చెల్లును.

తిరిగివచ్చిన మరునాడు ఇంటికి చుట్టములను పిలువక విశ్రాంతి నీయవలెను. హృద్రోగము గలవారిని ఆ ఉదయము బరువు తూచుడు. ప్రయాణమునకు ముందున్నదానికంటె రెండు కిలోగ్రాములు పెరిగియున్నను, సాయంకాలము పాదములపై వ్రేలితో నొక్కినచోట గుంట నిలిచినను, బడలికయే యని ఊరకుండక ఆనాడే వైద్యునకు చూపవలెను.