పాత పికప్ అప్పుడప్పుడూ మొరాయిస్తుంటే

టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత వాహనాలకు ఏటా జరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. డాలస్, కాలిన్, డెంటన్, హారిస్, ట్రావిస్ లాంటి కౌంటీలలో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. స్టీరింగ్‌లో ప్లే ఎంతుందో, ముందు చక్రాల జాయింట్లు ఎలా ఉన్నాయో ఏడాదికొకసారి చూసే కన్ను ఇక లేదన్నమాట. ఫ్రిస్కోకో ఇర్వింగ్‌కో కొత్తగా వచ్చి, ధర తక్కువని పాత పికప్ కొన్నవాళ్లు అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదే. ఆ పని ఇప్పుడు మన మీదే పడింది.

పాత పికప్ కొనడం తప్పేమీ కాదు. 1999 నుంచి 2006 దాకా వచ్చిన షెవర్లే సిల్వరాడో 1500 టెక్సాస్ రోడ్ల మీద ఇప్పటికీ ఎక్కడపడితే అక్కడ కనిపిస్తుంది. అందులో చాలావాటిలో ఉండే 5.3 లీటర్ల వి-8 గట్టి ఇంజను. విడిభాగాలు ఏ పార్ట్స్ షాపుకి వెళ్లినా దొరుకుతాయి. పూర్తిగా పాడైన భాగాన్ని కనిపెట్టడం కూడా పెద్ద కష్టం కాదు. ఒకరోజు కనిపించి వారం రోజులు మాయమయ్యే లోపాలే మనిషిని ఏడిపిస్తాయి.

దానికి ఇక్కడి షాపులు నడిచే తీరు కూడా ఒక కారణం. మన ఊళ్లో మెకానిక్ పక్కన కూర్చుని, బండి రెండు వీధులు తిప్పి, చెవితోనే సగం పట్టేస్తాడు. ఇక్కడ కౌంటర్ దగ్గర సర్వీస్ అడ్వైజర్ మన మాట విని రెండు లైన్లు టైపు చేసుకుంటాడు. బండి మీద చేయి వేసే టెక్నీషియన్ మనకు చాలాసార్లు కనిపించనే కనిపించడు. ‘అప్పుడప్పుడూ ఆగిపోతోంది’ అని మాత్రమే రాసి పంపితే, చల్లబడిన బండి అతని దగ్గర చక్కగా స్టార్ట్ అవుతుంది. డయాగ్నసిస్ ఫీజు కట్టి, లోపం దొరకలేదన్న కాగితం పట్టుకుని ఇంటికొస్తాం. అంతకంటే ఘోరం, ఊహ మీద ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోవడం.

కాబట్టి ఫోన్‌లో ఒక నోట్ తెరిచి, బండి మొరాయించిన ప్రతిసారీ అక్కడికక్కడే రాయండి. ఇంజను వేడిగా ఉందా, పొద్దున్నే తీసిన బండా? ట్యాంకులో పెట్రోలు ఎంతుంది? వాన పడుతోందా? ఏసీ నడుస్తోందా? వేగం ఎంత, మలుపు తిప్పుతున్నారా? డ్యాష్‌బోర్డు మీద ఏ లైటు వెలిగింది? మళ్లీ స్టార్ట్ కావడానికి ఎంతసేపు పట్టింది? ఈ జవాబుల్లోనే దోషి పేరు ఉంటుంది.

ఉదాహరణకి, ఎండలో అరగంట నడిచాక ఇంజను చటుక్కున ఆరిపోయి, కాసేపు చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయితే మొదటి అనుమానం క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సార్ మీద. ఈ ఇంజనులో అది స్టార్టర్ మోటారు పక్కనే, ఎగ్జాస్ట్ వేడికి దగ్గరగా ఉంటుంది. బండి ఆగిపోయినప్పుడు సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లు చూడండి. ఇంజను తిరుగుతున్నా ముల్లు సున్నా దగ్గరే పడుకుంటే ఆ అనుమానం బలపడుతుంది. ట్యాంకు పావు వంతుకు దిగినప్పుడే, అందులోనూ మండుటెండలో ఆగిపోతుంటే ఫ్యూయెల్ పంపు సంగతి చూడాలి. పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. తాళం ఆన్ స్థానానికి తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా చెవి పెడితే వెనకనుంచి రెండు సెకన్లు జుయ్‌మని వినిపించాలి. ప్రెజర్ కొలిచే గేజి కొనక్కర్లేదు. ఆటోజోన్, ఓరైలీ లాంటి షాపులు డిపాజిట్ కట్టించుకుని పనిముట్లు అరువిస్తాయి, వాపసు చేశాక డబ్బు తిరిగిస్తాయి.

చలికాలం పొద్దున్నే ఇంజను వణికి, వేడెక్కాక సర్దుకుంటే ఇన్‌టేక్ గ్యాస్కెట్ సందు నుంచి గాలి లాగుతోందేమో చూడండి. అప్పుడు బండి కంప్యూటర్‌లో పీ0171, పీ0174 అనే లోపం కోడ్లు తరచుగా వస్తాయి. వానలో మాత్రమే మిస్సింగ్ కొడితే స్పార్క్ ప్లగ్ వైర్లు, కాయిల్స్ వైపు వెళ్లాలి.

ఈ తరం సిల్వరాడోలో చాలామందిని తప్పుదారి పట్టించేది ఇంకొకటి ఉంది. బండి స్టార్ట్ అయి, రెండు మూడు సెకన్లలో ఆరిపోతుంది, డ్యాష్‌బోర్డు మీద సెక్యూరిటీ లైటు మిణుకుమంటుంది. ఇంధనం అందడం లేదనుకుని పంపు మార్చేస్తారు. నిజానికి అది పాస్‌లాక్ అనే దొంగతన నిరోధక వ్యవస్థ పని. తాళం పెట్టే చోట ఉన్న సెన్సార్ అరిగిపోయి, సొంత యజమానినే దొంగనుకుంటుంది. తాళం ఆన్‌లోనే ఉంచి, ఆ లైటు ఆరిపోయేదాకా, సుమారు పది నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నిస్తే చాలావరకు అప్పటికి గండం గడుస్తుంది. అందుకే ఏ లైటు వెలిగిందో రాసుకోమంటున్నాను. అలాగే 2003 నుంచి 2006 వరకు వచ్చిన బళ్లలో మీటర్ల వెనకుండే చిన్న మోటార్లు పాడై ముళ్లు ఎక్కడో ఒకచోట ఇరుక్కుపోతాయి. ముల్లు ఒక్కటే చూసి ఇంజనుకు జబ్బు అంటగట్టకండి.

1996 నుంచి అమెరికాలో అమ్మిన కార్లు, తేలికపాటి పికప్‌లు అన్నిటికీ స్టీరింగ్ కింద ఓబీడీ-2 సాకెట్ ఉంటుంది. చిన్న కోడ్ రీడర్ కొనుక్కోండి, లేదా పార్ట్స్ షాపులో ఉచితంగా చదివించుకోండి. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా తీయించండి. కోడ్ పడిన క్షణంలో వేగం, ఆర్‌పీఎం, ఇంజను వేడి ఎంతెంత ఉన్నాయో అందులో నిలిచిపోతాయి. అది మీ నోట్‌కు గట్టి సాక్ష్యం. లైటు పోవాలని కోడ్ చెరిపేస్తే ఆ సాక్ష్యమూ పోతుంది. పొగ పరీక్షకు ముందు చెరిపితే మానిటర్లు, అంటే బండి తనను తాను చేసుకునే పరీక్షలు, సిద్ధంగా లేవని వెనక్కి పంపుతారు కూడా. ఇక చెక్ ఇంజన్ లైటు నిలకడగా కాకుండా ఆరి వెలుగుతుంటే వెంటనే పక్కకు తీసి ఆపండి. కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తోందని దాని అర్థం.

స్టీరింగ్ సంగతికొస్తే, ముందుగా తేల్చుకోవాల్సింది అది స్టీరింగ్ జబ్బేనా అన్నది. ఈ బండిలో పవర్ స్టీరింగ్ పంపును తిప్పేది ఇంజనే. ఇంజను ఆరితే స్టీరింగ్ బండలా బిగుస్తుంది. పార్కింగులో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పినప్పుడే ఇంజను ఆగిపోతుంటే, పంపు బరువు మోయలేక ఇంజను చచ్చిపోతోందేమో, థ్రాటిల్ బాడీ మురికి పట్టి ఐడ్లింగ్ తగ్గిందేమో చూడాలి.

మా స్నేహితుడి 2004 సిల్వరాడో వానాకాలం అంతా ఇదే నాటకం ఆడింది. వాన పడితే స్టీరింగ్ ఒక్క క్షణం బిగుసుకుపోయి వదిలేది, అదే సమయంలో బ్యాటరీ లైటు మిణుక్కుమనేది. ఒక షాపు బ్యాటరీ మార్చింది, తర్వాత ఆల్టర్నేటర్ మార్చింది. రెండూ మంచివే. చివరికి ఒక పెద్దాయన బానెట్ ఎత్తి, ఇంజను నడుస్తుండగా టార్చి వేసి బెల్టునే చూస్తూ నిలబడ్డాడు. టెన్షనర్ చేయి సన్నగా అదురుతోంది. బాటిల్‌తో బెల్టు మీద కాసిని నీళ్లు చిలకరించి స్టీరింగ్ తిప్పమన్నాడు. బెల్టు కీచుమని జారింది, స్టీరింగ్ బిగిసింది, లైటు వెలిగింది. పంపునూ ఆల్టర్నేటర్‌నూ తిప్పేది ఆ ఒక్క బెల్టే. టెన్షనర్ స్ప్రింగు బలం పోయిందంతే. రెండు జబ్బులు ఒకేసారి కనిపిస్తే, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని ముందు చూడమని ఆయన చెప్పిన మాట ఇలాంటి బళ్లన్నిటికీ పనికొస్తుంది. బెల్టు కాకపోతే ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే గ్రౌండ్ తీగలు. తుప్పు పట్టిన ఒక్క బోల్టు సగం డ్యాష్‌బోర్డును వెర్రెత్తించగలదు.

మెల్లగా తిప్పేటప్పుడు స్టీరింగ్‌లో టక్‌మని చేతికి తగిలితే, ఈ మోడళ్లలో ఎక్కువగా అది ఇంటర్మీడియట్ షాఫ్ట్. స్టీరింగ్ కాలమ్ నుంచి కిందికి దిగే, ఒకదాంట్లో ఒకటి జారే కడ్డీ అది. చప్పుడు కంగారు పెట్టినా దానితో వచ్చే ప్రమాదం తక్కువ. బండి హైవే మీద అటూ ఇటూ తేలిపోవడం మాత్రం అలాంటిది కాదు, దానికి జాయింట్లు చూడాలి, ఆ పద్ధతి కింద చెప్తాను. స్టీరింగ్ పంపు మూలిగితే ఫ్లూయిడ్ తగ్గిందో, గాలి చేరిందో చూడండి. మూత మీద ఏ ఫ్లూయిడ్ రాసుందో అదే పోయాలి. కొన్ని హెవీ డ్యూటీ మోడళ్లలో బ్రేకుకు బలం ఇచ్చేది కూడా ఈ పంపే. అక్కడ ఫ్లూయిడ్ కారిపోతే స్టీరింగుతో పాటు బ్రేకూ రాయిలా అవుతుంది.

జాయింట్లు చూడటం ఇద్దరి పని. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను రెండంగుళాలు అటూ ఇటూ ఆడిస్తుంటే, రెండోవారు చక్రం వెనక ఒక్కో జాయింటు మీదా వేళ్లు ఆనించి చూడాలి. కదలిక ఒక భాగం నుంచి ఇంకో భాగానికి ఆలస్యంగా అందితే అక్కడే అరిగింది. ఫోర్ వీల్ డ్రైవ్ 1500లో పిట్‌మన్ ఆర్మ్, ఐడ్లర్ ఆర్మ్ ఉంటాయి, వాటిని వదలొద్దు. తర్వాత ముందు చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింటు, పక్కలు పట్టుకుని ఊపితే టై రాడ్డు బయటపడతాయి. బండిని జాక్ మీద మాత్రమే నిలిపి కింద చేయి పెట్టకండి. జాక్ స్టాండ్లు ఉండాల్సిందే. రబ్బరు బూటు చిరిగి గ్రీజు కారిన జాయింటు కనబడితే, ఇంకో లక్షణం కోసం ఎదురుచూడకుండా మార్పించేయండి. ఇంజను మొరాయిస్తే రోడ్డు పక్కన నిలబడతాం. టై రాడ్డు ఊడితే ఎక్కడ ఆగుతామో మన చేతిలో ఉండదు.

నడుస్తుండగా ఇంజను ఆరిపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది కానీ తిరుగుతుంది. రెండు చేతులతో గట్టిగా తిప్పండి. బ్రేకు పదేపదే తొక్కకుండా ఒకేసారి నిలకడగా నొక్కండి. న్యూట్రల్‌లో వేసి స్టార్ట్ చేయవచ్చు. బండి పూర్తిగా ఆగేదాకా తాళం బయటికి లాగకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది. డాలస్ చుట్టూ ఎన్‌టీటీఏ టోల్ రోడ్ల మీదైతే ఫోన్‌లో #999 నొక్కితే సాయం పంపుతారు.

కొనే ముందే చూడాల్సినవి రెండు. నేషనల్ హైవే ట్రాఫిక్ సేఫ్టీ సంస్థ వెబ్‌సైటులో బండి గుర్తింపు సంఖ్య అయిన 17 అక్షరాలు, అంకెల విన్ నంబరు కొడితే పెండింగ్ రీకాల్స్ కనిపిస్తాయి. చట్టం ప్రకారం కంపెనీ ఉచితంగా బాగుచేయాల్సిన గడువు మొదటి అమ్మకం నుంచి 15 ఏళ్లే. అంతకంటే పాత బండికి కూడా తకాటా ఎయిర్‌బ్యాగ్ లాంటివి కొన్ని కంపెనీలు ఉచితంగా మారుస్తున్నాయి, డీలర్‌ను అడగండి. డీలర్ దగ్గర కొంటే కిటికీకి అంటించిన బయ్యర్స్ గైడ్ చదవండి. దాని మీద ‘యాజ్ ఈజ్’ అని టిక్ ఉంటే, గేటు దాటాక ఏం పాడైనా ఖర్చు మీదే.

షాపుకు వెళ్లేటప్పుడు నోట్‌ను ఒక పేజీలో ప్రింటు తీసి వర్క్ ఆర్డర్‌కు జత చేయమనండి. టెక్నీషియన్‌తో కలిసి ఒక రౌండు తిరగడానికి వీలవుతుందా అని అడగండి. ‘రైడ్ అలాంగ్’ అంటే చాలా షాపులు ఒప్పుకుంటాయి. వేడెక్కితేనే వచ్చే జబ్బయితే, బండి అరగంట నడిపి వేడిగానే తీసుకెళ్లి, ఇంజను ఆపకుండా అప్పగించండి. ఏ పార్టు మార్చాలన్నా, ఏ పరీక్ష చేసి అది పాడైందని తేల్చారో కాగితం మీద రాయించుకోండి, తీసిన పాత పార్టు వెనక్కి ఇవ్వమని ముందే చెప్పండి.