తీపివంటలలో సోయాచిక్కుడు
పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

తెలుగునాట తీపి వండని పండుగ లేదు. సంక్రాంతికి అరిసెలు, శుభకార్యములకు పూర్ణపు బూరెలు, బొబ్బట్లు మన యిండ్లలో పరిపాటి. ఈడేరిన బాలికకు చిమ్మిలియు, సున్నుండలును పెట్టుట మన పెద్దలు ఏర్పరచిన ఆచారము. తీపిని వారు కేవలము నాలుక కొరకు ఉద్దేశింపలేదు. మినుములు, శనగపప్పు, నువ్వులు, వేరుశనగలు మొదలగు గింజలను బెల్లముతో కలిపి, రుచియు బలమును ఒక్కచోటనే చేకూర్చిరి. ఈ పద్ధతిలోనికి సోయాచిక్కుడును ఎట్లు చేర్చవచ్చునో, అందుకు ఏ జాగ్రత్తలు వలయునో ఈ వ్యాసమున వివరింతుము.

మన ప్రాంతమున దీని అవసరము

2022 ఏప్రిల్ నుండి పల్నాడు జిల్లాలో చేరిన చిలకలూరిపేట చుట్టుపట్ల గ్రామములకు ప్రత్తి, మిరప ముఖ్యమైన పంటలు. ప్రత్తితీతకును, మిరపకోతకును పోవు తల్లి ప్రొద్దుగూకిన పిదపగాని యిల్లు చేరజాలదు. ఆకలిగొన్న బిడ్డ చేతికి అప్పుడు సులభముగ దొరకునది కొట్టులోని బిస్కత్తు పొట్లము. మైదా, పంచదార, నూనెలతో చేసిన ఆ తినుబండారములో కడుపు నింపు గుణమున్నను, ఒడలు పెరుగుటకు వలయు మాంసకృత్తులు స్వల్పము. ఇంటిలో పప్పుతో చేసిన ఉండ రెండు నిలువ యున్నచో ఆ లోటు కొంత తీరును.

సోయాచిక్కుడు మన నల్లరేగడి పంట కాదు. తెలుగు నేలలో అది ఆదిలాబాదు, నిజామాబాదు ప్రాంతములలో పండుచున్నది. దేశములో మధ్యప్రదేశ్, మహారాష్ట్రలు ఇందు ముందున్నవి. మన యిల్లాండ్రకు అది "మీల్ మేకర్" అను పేర కూరలో మాత్రమే పరిచితము. అయినను గింజ మనకు బొత్తిగా క్రొత్త కాదు. 1935లోనే గాంధీజీ వార్ధాలోని మగన్‌వాడిలో దీనిని భోజనమున వాడి చూచి, "హరిజన్" పత్రికలో వ్రాసియుండిరి.

గింజలోని గుణము, దోషము

నూరు గ్రాముల సోయాచిక్కుడులో మాంసకృత్తులు రకమును బట్టి 36 మొదలు 43 గ్రాముల వరకు ఉండును. మినపపప్పులో సుమారు 24, వేరుశనగలో 25, శనగపప్పులో 21 గ్రాములు ఉండును. సోయాలో నూనె కూడ నూటికి ఇరువది పాళ్ళకు దగ్గరగా కలదు. వరి, గోధుమలలో తక్కువగ నుండు "లైసిన్" అను అంశము దీనిలో సమృద్ధిగ నుండుటచే, ధాన్యముతో కలిపినప్పుడు రెండింటి విలువయు హెచ్చును.

దోషము కూడ తెలిసికొనవలెను. పచ్చి సోయాగింజలో జీర్ణక్రియకు అడ్డుపడు పదార్థము కలదు. దానిని ట్రిప్సిన్ నిరోధకము అందురు. తడివేడి తగిలిననే అది చాలవరకు నశించును. కావున పచ్చిగింజను మరలో ఆడించి ఆ పిండితో ఉండలు చేయుట ఎంతమాత్రము తగదు. బిడ్డలకు పెట్టు పదార్థములలో ఈ నియమము మరింత ముఖ్యము.

పిండి చేయు విధము

గింజను బాగుచేసి, రాత్రి నానవేసి, ఉదయమున పొట్టు తీయవలెను. ఆ పప్పును మరుగుచున్న నీటిలో వేసి అరగంట ఉడికింపవలెను. నీరు వార్చి, శుభ్రమైన గుడ్డపై గలగలలాడునట్లు ఎండబెట్టి, దోరగ వేయించి ఆడింపవలెను. మిరపకాయలు ఆరబోసిన కల్లములోగాని, ఆ పట్టాలపైగాని దీనిని ఎండబెట్టరాదు. కారమే గాక, పైరుపై చల్లిన మందుల శేషము కూడ అంటుకొనవచ్చును.

పాలు, టోఫు

నానిన పప్పును వేడినీటితో రుబ్బవలెను. చల్లని నీటితో రుబ్బినచో పచ్చివాసన పుట్టును. ఆ పిండిని ఎనిమిది రెట్లు నీటితో పదునైదు, ఇరువది నిమిషములు అడుగంటకుండ కలియబెట్టుచు మరిగించి, పిమ్మట వడియగట్టిన అది సోయాపాలు. మరిగించిన పిదప వడియగట్టుటచే మిగిలిన పిప్పియు ఉడికియే యుండును. దానిని పారవేయ నక్కరలేదు.

వేడిపాలలో నీరు కలిపిన నిమ్మరసమునుగాని, ఆహారయోగ్యమైన కాల్షియం సల్ఫేటునుగాని కొద్దికొద్దిగ కలిపిన పాలు విరుగును. దానిని గుడ్డలో మూటగట్టి, పైన బరువు పెట్టినచో గడ్డకట్టును. దీనినే టోఫు లేక సోయా పన్నీరు అందురు. కిలో గింజకు ఒకటిన్నర మొదలు రెండు కిలోల టోఫు దిగును. ఇండ్ల పనులకు అమ్ము సున్నపుపొడులను దీనిలో వాడరాదు.

బరువు పెట్టకముందు ఈ విరుగుడు జున్నువలె మెత్తగ నుండును. చైనాలో దీనిని అల్లము వేసిన తీపి పాకముతోను, ఫిలిప్పీన్సు దీవులలో "తహో" అను పేర బెల్లపు రంగు పాకము, సగ్గుబియ్యములతోను తినుట వాడుక. మిరియము, ఏలకులు వేసిన జున్ను రుచి ఎరిగిన మనకు ఇది వింతగ తోపదు.

మన వంటలలో చేర్చు రీతి

సున్నుండలు: వేయించి విసరిన మినపపిండి మూడు పాళ్ళకు సోయాపిండి ఒక పాలు చేర్చి, బెల్లము, నేయి కలిపి ఉండలు కట్టవలెను. సోయా అంతకు మించినచో వాసన తెలియును.

పూర్ణము: ఉడికిన శనగపప్పులో మూడవవంతు తగ్గించి, ఆ మేర సోయాపిప్పిని పిండి చేర్చవలెను. బెల్లముతో దగ్గరపడువరకు ఉడికించిన బూరెలకును బొబ్బట్లకును పనికివచ్చును.

లౌజు: టోఫును తురిమి, నేతిలో పచ్చి తగ్గువరకు వేయించి, కొబ్బరికోరు, బెల్లము, ఏలకులపొడి చేర్చి ఉండలు చేయవలెను. ఇది నాడే తినవలసిన పదార్థము. మన వేసవిలో టోఫు కొన్ని గంటలలోనే చెడును. శీతలపేటిక లేనిచోట నిలువ యుంచరాదు.

దాటరాని హద్దులు

సోయా కలిసినంత మాత్రమున తీపి మందు కాజాలదు. చక్కెర, బెల్లము మొదలగు వాని నుండి లభించు శక్తి దినమునకు కావలసిన మొత్తములో పదవవంతు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. పెద్దలకు అది సుమారు 50 గ్రాములు. బిడ్డలకు ఇంకను తక్కువ. మధుమేహము కలవారికి ఈ ఉండలును తీపియే.

ఆరు నెలల లోపు శిశువునకు తల్లిపాలు తప్ప మరేమియు ఈయరాదు. సోయాపాలు దానికి బదులు కాజాలవు. కొందరికి సోయా సరిపడక దద్దురులు, ఆయాసము కలుగవచ్చును. కావున తొలిసారి స్వల్పముగ పెట్టి చూడవలెను. థైరాయిడ్ మాత్ర వేసికొనువారు మాత్రకును సోయా ఆహారమునకును కొన్ని గంటల వ్యవధి ఉంచి, వైద్యుని సలహా పొందవలెను.

పంచాయతీ చేయదగిన పని

మొదట ధర లెక్క చూడవలెను. సోయాలో మాంసకృత్తులు 40 గ్రాములనియు, మినపపప్పులో 24 అనియు కొనిన, సోయా ధర మినపపప్పు ధరకు సుమారు 1.67 రెట్ల లోపుగ నున్నపుడే మాంసకృత్తుల దృష్టితో అది లాభము. వంటచెరకును, శ్రమను కూడ లెక్కింపవలెను. లాభము లేనిచో మినుములు, శనగలు, వేరుశనగలతోనే ఉండలు చేయింపవచ్చును. అందు చిన్నతన మేమియు లేదు.

లాభము కనిపించినచో గ్రామసభలో విషయము వివరించి, ఒక డ్వాక్రా సంఘముచే కిలో రెండు కిలోలతో వండించి చూపవలెను. అమ్మకమునకు చేయదలచినవారు 2006 నాటి ఆహార భద్రతా చట్టము ననుసరించి నమోదు పొందవలెను. అంగన్‌వాడీ ఆహారపట్టిక శాఖవారు నిర్ణయించునది. దానిని మార్చుట మన పని కాదు. తల్లులకు వండి చూపుటకు ఆ కేంద్రములోని కార్యకర్త సహాయము కోరవచ్చును.

రాజ్యాంగములోని పదునొకండవ షెడ్యూలు స్త్రీ శిశు సంక్షేమమును పంచాయతీలకు అప్పగింపదగు 29 విషయములలో చేర్చినది. రోడ్డు, వీధిదీపము, మురుగుకాలువలతోపాటు బిడ్డ తినునదేమో విచారించుటయు సభ్యుల విధియే. రాబోవు పంటకాలమున కూలికి పోవు తల్లి, బాగుగ ఉడికించి ఎండించిన పప్పుతో చేసిన ఉండలను డబ్బాలో ఉంచి పోగలిగినచో, ఆ విధి కొంత నెరవేరినట్లే.