చిగుళ్ల జబ్బుకూ కీళ్లవాతానికీ లంకె ఏమిటి?

అండమాన్‌ దీవుల్లో కీళ్ల నొప్పులనగానే చికున్‌గున్యా గుర్తుకు రావడం సహజం. 2006లో ఆ జ్వరం అక్కడ బాగా ప్రబలింది. అయితే పొద్దున్నే రెండు చేతుల వేళ్లూ గంటకు పైగా బిగుసుకుపోవడం వారాల తరబడి కొనసాగితే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను కూడా అనుమానించాలి. శరీర రక్షణ వ్యవస్థ సొంత కీళ్ల మీదే దాడిచేసే జబ్బు ఇది. కొందరిలో ఈ పొరపాటు నోటిలోనే మొదలవుతుందని శాస్త్రవేత్తలు అనుమానిస్తున్నారు.

మన ప్రొటీన్లలో ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. అది సిట్రులిన్‌గా మారితే ప్రొటీన్ రూపు కొంత మారుతుంది. అప్పుడు రక్షణ వ్యవస్థ దాన్ని పరాయిదిగా పొరబడి యాంటీబాడీలను తయారుచేయవచ్చు. డాక్టర్లు రాయించే 'యాంటీ సీసీపీ' రక్తపరీక్ష వెతికేది వీటినే. కీళ్లు వాయడానికి కొన్నేళ్ల ముందే ఇవి రక్తంలో కనిపించవచ్చు. చిగుళ్ల జబ్బుకు కారణమయ్యే పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా దగ్గర సరిగ్గా ఈ మార్పు చేసే ఎంజైమ్ ఉంది. చిగుళ్లు పుండుపడితే నోటి బ్యాక్టీరియా రక్తంలోకి చేరుతుంది. కీళ్లవాతంతో పాటు చిగుళ్ల జబ్బు కూడా ఉన్నవారి రక్తంలో ఇలా మళ్లీమళ్లీ జరుగుతోందని 2023లో 'సైన్స్ ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్' పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది.

అంతమాత్రాన చిగుళ్ల జబ్బు ఉన్న ప్రతివారికీ కీళ్లవాతం వస్తుందని కాదు. వంశపారంపర్య కారణాలు, పొగతాగడం కూడా ఇందులో పాలుపంచుకుంటాయి.

వక్కతోటలున్న ఈ దీవుల్లో తాంబూలం నమిలే అలవాటు పాతదే. నికోబారీలకూ అది ఉంది. వక్క, పొగాకు చిగుళ్లను దెబ్బతీస్తాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. తాంబూలం ఎరుపులో చిగుళ్ల నుంచి కారే రక్తం కనిపించదు! పళ్లు కదిలేదాకా జబ్బు సంగతి తెలియకపోవచ్చు.

పళ్ల గార తీయించి చిగుళ్లకు చికిత్స చేస్తే కీళ్ల వాపు కొంత తగ్గినట్లు కొన్ని చిన్న అధ్యయనాల్లో తేలింది. అలాగని కీళ్లవాతం మందులు ఆపకూడదు. ఆలస్యమైతే కీళ్లు శాశ్వతంగా వంకరపోతాయి. వేళ్లు బిగిసినవారికి బ్రష్ పట్టుకోవడమే కష్టం, దాంతో చిగుళ్లు మరింత పాడవుతాయి. బ్రష్ పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది.