బాల్కనీ ఉండగా ఇంకో బాల్కనీ

క్రూయిజ్ టికెట్లు కొన్న చాలామందికి, ఓడ ఎక్కే ముందు ఒక మెయిల్ వస్తుంది. ఇంతకన్నా మంచి గదికి మారతారా, ఎంత ఇస్తారో మీరే చెప్పండి అని అందులో అడుగుతారు. రాయల్ కరీబియన్ దీనికి రాయల్‌అప్ అని పేరు పెట్టింది. నార్వేజియన్ క్రూయిజ్ లైన్ అప్‌గ్రేడ్ అడ్వాంటేజ్ అంటుంది. బిడ్ వేసే చోట ఒక మీటరు కూడా ఉంటుంది. ధర పెంచేకొద్దీ ముల్లు ‘బలహీనం’ నుంచి ‘బలం’ వైపు జరుగుతుంది. అది జరుగుతుంటే వేలు ఊరుకోదు.

సియాటెల్‌లో ఉద్యోగాలు చేసే ఒక తెలుగు జంట, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వారం రోజుల అలాస్కా ప్రయాణం పెట్టుకున్నారనుకుందాం. పక్కపక్కనే రెండు బాల్కనీ క్యాబిన్లు తీసుకున్నారు. 6,000 డాలర్లు కట్టేశారు. ఇప్పుడు మనిషికి 200 డాలర్ల బిడ్ వేస్తే, ఓడ వెనక వైపు పెద్ద బాల్కనీ దొరికే అవకాశం ఉంది. “ఆరు వేలు పెట్టాం, రెండొందల దగ్గర ఆలోచనేంటి?” అంటాడు భర్త. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమా అన్న లెక్క ఇది.

ఈ లెక్కలోని మెలికను ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1981లో ఒక చిన్న ప్రశ్నతో బయటపెట్టారు. 15 డాలర్ల క్యాలిక్యులేటర్ 20 నిమిషాల దూరంలోని దుకాణంలో 5 డాలర్లు తక్కువకు వస్తుందంటే 68 శాతం మంది వెళ్తామన్నారు. క్యాలిక్యులేటర్ ధర 125 డాలర్లయితే అదే 5 డాలర్ల కోసం వెళ్తామన్నవాళ్లు 29 శాతమే. దూరం మారలేదు, మిగిలే డబ్బూ మారలేదు. పక్కన పెద్ద అంకె నిలబడేసరికి చిన్న అంకె కంటికి ఆనలేదు, అంతే. ఇల్లు కట్టేటప్పుడు టైల్స్ దుకాణంలో చెయ్యి జారేది కూడా ఇందుకే.

కాబట్టి ఆ ఆరు వేలను కాసేపు పక్కన పెట్టాలి. బిడ్ మనిషి లెక్కన కనుక ఒక గదికే 400 డాలర్లు. రెండు గదులకూ వేస్తే 800. ఈ 800 విడిగా జేబులోంచి తీయాల్సి వస్తే, ఆ బాల్కనీలో కూర్చునే గంటల కోసం తీస్తారా?

గంటలు లెక్కపెడితే తేలుతుంది. జూనో, స్కాగ్‌వే, కెచికాన్ రేవుల్లో పగలంతా ఊళ్లో తిరగడమే. ఒక సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో పోతుంది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికాలో బయలుదేరి అక్కడికే తిరిగి రావాలంటే మధ్యలో పరాయి దేశపు రేవును తాకాలి మరి, 1886 నాటి చట్టం ఇంకా అమల్లో ఉంది. ఇక గ్లేసియర్ బేకు వెళ్లే ఓడైతే, మార్జరీ హిమనదం ముందు నిలిచి, రెండు వైపుల వాళ్లకూ కనిపించేలా మెల్లగా తిరుగుతుంది. నేషనల్ పార్క్ రేంజర్లు ఓడెక్కి వివరిస్తారు. ఆ పూట పై డెక్ మీద దొరికే దృశ్యం ఏ బాల్కనీలోనూ దొరకదు. అయితే జూన్‌లో అక్కడ రాత్రి పదింటిదాకా వెలుగుంటుంది. రేవుల్లో దిగకుండా, చేతిలో పుస్తకంతో సముద్రాన్ని చూస్తూ గడిపే మనిషికి పెద్ద బాల్కనీ మీద పెట్టిన ప్రతి డాలరూ గిట్టుబాటే.

మెయిల్‌లో కొట్టొచ్చినట్టు కనపడనివీ కొన్ని ఉన్నాయి. ఏ రకం గది కావాలో చెప్పగలరు గానీ, ఏ నంబరు వస్తుందో కంపెనీ చేతిలో ఉంటుంది. బిడ్ ఒప్పుకున్నారా, కార్డు నుంచి డబ్బు పోయినట్టే. వెనక్కి తీసుకోవడం కుదరదు. ఓడ నడిమి భాగంలో ఊపు తక్కువ, ముందూ వెనకా ఎక్కువ. ఈత కొలను డెక్ కింద గది పడితే తెల్లవారకముందే నెత్తిమీద కుర్చీలు ఈడ్చే చప్పుడు. అన్నిటికన్నా ముఖ్యం, పక్కపక్క గదులు విడిపోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు కోడలి గదికి రావాలంటే ఓడ ఆ చివరి నుంచి ఈ చివరికి నడవాలి.

అన్ని అవకాశాలనూ తూచి అత్యుత్తమమైనదాన్ని వెతకడం మనిషి వల్ల కాదని హెర్బర్ట్ సైమన్ 1956లోనే వాదించాడు. మనకేం కావాలో ముందే గీత గీసుకుని, దాన్ని దాటినదాన్ని తీసుకోవడమే జనం నిజంగా చేసేది అన్నాడు. ఈ ఇంట్లో ఆ గీత గీసింది కోడలు: అత్తయ్య వాళ్ల గది పక్కనే ఉండాలి, లిఫ్ట్ దగ్గర ఉండాలి, బయట రెండు కుర్చీలు పట్టాలి. ఉన్న గది ఈ మూడింటినీ ఎప్పుడో దాటేసింది. ఇంకా మీటరు చూస్తూ కూర్చోవడం పొదుపూ కాదు, విలాసమూ కాదు, తేల్చుకోలేకపోవడం.

ఆ డబ్బుతో స్కాగ్‌వేలో వైట్ పాస్ రైలెక్కవచ్చు. క్లోండైక్ బంగారం వేట నాళ్లలో, 1898లో పని మొదలుపెట్టి 1900కల్లా కొండలు తొలిచి వేసిన లైను అది. రైల్వేలో పనిచేసి రిటైరైన మామగారికి కొడుకు ఫోనులో ఫొటో చూపించి, “ఇది ఎక్కుదామా నాన్నా?” అని అడిగితే, ఆయన కళ్లజోడు సవరించుకుని పట్టాలకేసి చూసి, “నేరోగేజేనా?” అన్నారు.